నలభై రెండో పుట

కాల్వర్ట్ కౌంటీ కచేరీలో సోమవారం మధ్యాహ్నం ఒంటిగంట పది నిమిషాలకు అర్లిస్ క్రేబిల్, డ్వెయిన్ హోస్టెట్లర్ అనే ఇద్దరు పెద్దమనుషులు తమ పెళ్లి లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్న సంగతి పాఠకులకు తెలిసినదే. మూడు పూర్తి రోజులు గడిస్తే తప్ప ఆ లైసెన్సు చేతికివ్వరు. అంటే గురువారం ఒంటిగంట పది. ఇద్దరు మగవాళ్ల పెళ్లినైనా, ఇద్దరు ఆడవాళ్ల పెళ్లినైనా రాష్ట్రం అడ్డుకోరాదని ఫెడరల్ జడ్జి తీర్పు చెప్పి అప్పటికి పన్నెండు రోజులు. ఆ తీర్పుకు విరుగుడుగా గార్లండ్ టిప్టన్ శాసనసభలో ప్రవేశపెట్టిన బిల్లు, అలాంటి లైసెన్సు ఇచ్చే కౌంటీ అధికారి పదవిని అక్కడికక్కడే ఊడబెరుకుతుంది. గవర్నరు సంతకం చేసిన క్షణం నుంచే అది అమలు. గవర్నరు ఒక అంతస్తు కింద, కలం మూత తీసి కూర్చుని ఉన్నాడు. ఆ గురువారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు బిల్లు తుది ఓటుకు వచ్చినప్పుడు, దాని సంఖ్య, పేరు చదవడానికి బల్ల ముందు నిలబడిన ఉద్యోగిని వెల్డా క్రేబిల్. అర్లిస్‌కు ఆమె స్వయానా చెల్లెలు. ఆ సంగతి ఆ సభలో ఒక్కరికీ తెలియదు.

"పూర్తిగా చదివి వినిపించమంటున్నాను," అన్నాడు వెనక వరుసలోంచి ఎల్డన్ ఫౌట్స్.

గత వారం కథ నిలిచింది ఈ మాట దగ్గరే.

సభలో బిల్లులను ఎవరూ చదవరు. పేరు వింటారు, ఓటు వేస్తారు. అయితే తుది ఓటుకు ముందు సభ్యుల్లో ఏ ఒక్కరు కోరినా, ఆ బిల్లును మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు వరసగా చదివి వినిపించి తీరాలని ఆ రాష్ట్ర రాజ్యాంగంలో ఒక పాత నియమం ఉంది. డెబ్బై తొమ్మిదేళ్ల ఎల్డన్, గోధుమ రైతు, ఆ హక్కును ఏటా ఒక్కసారి తప్పకుండా వాడుకుంటాడు. నిరుడు కంచెల బిల్లు. అంతకు ముందటేడు కలుపు మొక్కల బిల్లు. ఏడాదికి ఒక్కటైనా విని ఓటు వేయాలన్నది అతని పట్టుదల. చిక్కేమిటంటే అతను టిప్టన్ పార్టీ మనిషే.

టిప్టన్ కుర్చీలోంచి వెనక్కి తిరిగాడు. "పెద్దాయనా, ఇది కంచెల బిల్లు కాదండీ. ఇందులో ఏముందో మీకు తెలుసు."

"తెలుసనే అనుకుంటున్నా నాయనా. వింటే ఎంత తెలుసో తేలుతుంది."

"అరవై నాలుగు పుటలు."

"రాసింది నువ్వా, నేనా?"

సభ నవ్వింది. టిప్టన్ కూడా నవ్వక తప్పలేదు, ఎందుకంటే అది అతని చేతిపనే. ఏ సెక్షనును మార్చినా ఆ సెక్షను మొత్తాన్నీ బిల్లులో అచ్చువేయాలన్నది మరో నియమం. ప్రతిపక్షం ఎక్కడా సవరణ దూర్చే సందు దొరక్కుండా అతను వివాహ చట్టంలోని అధ్యాయాన్ని తల నుంచి తోక దాకా తెరిచి, బిల్లులోకి ఎక్కించాడు. సాక్షుల వయసులు, పాస్టర్ల బాధ్యతలు, దగ్గరి బంధువుల నిషేధాలు, అన్నీ. పది రోజులుగా ఆ తెలివికి పొగడ్తలు అందుకుంటున్నవాడు ఇప్పుడు దాని బరువు మోయవలసి వచ్చింది.

వెల్డా అప్పటికే లెక్క కట్టేసింది. శాసనసభకు రాకముందు పంతొమ్మిదేళ్లు హైస్కూల్లో రసాయన శాస్త్రం చెప్పిన మనిషి. కొలవకుండా ఏదీ ఊహించే అలవాటు లేదు. తన వేగం నిమిషానికి నూట అరవై మాటలు. పుటకు రెండుంపావు నిమిషాలు. అరవై నాలుగు పుటలకు నూట నలభై నాలుగు నిమిషాలు. ఇప్పుడు మొదలుపెడితే ఒంటిగంట నాలుగు నిమిషాలకు ముగుస్తుంది. ఓటుకు నాలుగు నిమిషాలు. కాగితం కిందికి చేరి సంతకం కావడానికి రెండు. మొత్తం ఒంటిగంట పది.

మరోసారి వేసి చూసింది. అదే వచ్చింది.

నిమిషానికి పది మాటలు తగ్గిస్తే చాలు, తొమ్మిది నిమిషాలు మిగులుతాయి. అన్నయ్య, డ్వెయిన్ ఆ కచేరీలో కౌంటరు ముందు నిలబడి ఉంటారు. ఇద్దరూ అధికారి ఎదుట సంతకాలు పెట్టాలి. తొమ్మిది నిమిషాల్లో రెండు సంతకాలు పడతాయి. లైసెన్సు చేతికొస్తే పెళ్లి ఈ సాయంత్రమే చేసుకోవచ్చు. పది మాటల తేడాను ఈ గదిలో కనిపెట్టగల చెవి ఒక్కటీ లేదు.

తెల్లవారితే డ్వెయిన్‌కు గుండె ఆపరేషన్. జనవరిలో అతను కొట్టాం దగ్గర కుప్పకూలినప్పుడు ఆసుపత్రిలో, "మీరు ఈయనకు ఏమవుతారు?" అని అడిగారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని తింటున్న అర్లిస్ ఆ మాటకు తడబడి, "పొరుగువాణ్ణి," అన్నాడు. డ్వెయిన్ తరఫున నిర్ణయాలు తీసుకోవచ్చని వకీలు రాసిచ్చిన కాగితం చూపిస్తే అక్కడి గుమాస్తా అటూ ఇటూ తిప్పి పక్కకు నెట్టాడు. పదకొండేళ్లుగా ముఖం చూపించని డ్వెయిన్ మేనల్లుడు ఎక్కడో అరిజోనాలో ఫోనెత్తి, అన్నిటికీ ఔననీ కాదనీ చెప్పాడు. అర్లిస్ బయట పికప్ ట్రక్కులో, గడ్డకట్టే చలిలో తొమ్మిది గంటలు కూర్చున్నాడు. రేపు మత్తులోంచి డ్వెయిన్ లేవకపోతే, అతని తరఫున ఎవరు మాట్లాడాలన్నది ఈ రోజు ఒంటిగంట పదికి తేలుతుంది. ఈ చట్టాన్ని కోర్టు మూడు వారాల్లో కొట్టివేయవచ్చు. ఆ మూడు వారాల హామీ డ్వెయిన్ గుండె దగ్గర లేదు.

వెల్డా గోరువెచ్చని నీళ్లు ఒక గుటక తాగి, మైకు సరిచేసుకుంది. కొలబద్ద తనకు కావలసినప్పుడు సాగితే దాన్ని కొలబద్ద అనడానికి లేదు. నిమిషానికి నూట అరవై మాటలు. ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు.

"పుట ఒకటి," అని మొదలుపెట్టింది.

మొదటి పదిహేను పుటలకు సభ పలచబడింది. బయట వసారాలో గోధుమ రైతుల సంఘం ఏటా పెట్టే భోజనం సాగుతోంది. పెద్ద గంగాళంలో చిల్లీ అనే మాంసం, చిక్కుళ్ల కూర, పక్కన పంచదార పాకం కారుతున్న దాల్చినచెక్క రొట్టెలు. సభ్యులు ఒకరి వెనక ఒకరు జారుకుని, మూతులు తుడుచుకుంటూ తిరిగివచ్చారు. ఎల్డన్ మాత్రం కదలలేదు. చెవి దగ్గర అరచెయ్యి దొన్నెలా పెట్టుకుని, ప్రతి మాటా వింటున్నాడు.

ముప్ఫయ్యో పుట ముగిసేసరికి పదకొండూ నలభై ఎనిమిది. లెక్క తప్పలేదు.

టిప్టన్ వేదిక ఎక్కి వచ్చాడు. స్పీకర్ హార్లన్ ఓస్ట్రాండర్‌తో ఏదో గొణిగాడు. స్పీకర్ చెయ్యెత్తి పఠనం ఆపించాడు. టిప్టన్ వెల్డా మైకును అరచేత్తో మూసి, బల్ల మీద ఒక కాగితం పరిచాడు.

"వెల్డా గారూ, మీ ఇంటిపేరు క్రేబిలే కదూ?"

"ఈ బల్ల మీద ఆ పలక పెట్టి ఇరవై రెండేళ్లయింది. ఇప్పుడు చదివారా?"

"కాల్వర్ట్ కౌంటీలో సోమవారం దరఖాస్తులు పెట్టినవాళ్ల జాబితా ఇది. అర్లిస్ క్రేబిల్. మీకేమవుతాడు?"

"అన్నయ్య."

ఈ మాట ఈ గదిలో ఎప్పుడో ఒకప్పుడు చెప్పవలసి వస్తుందని ఆమె ఏళ్ల తరబడి భయపడింది. తీరా చెప్పాక, ఏమీ జరగలేదు. కప్పు కూలలేదు. గోడ గడియారం ఒక నిమిషం ముందుకు జరిగింది, అంతే.

స్పీకర్ తన ఎత్తైన కుర్చీలోంచి కిందికి వంగాడు. "ఈ సంగతి ముందే చెప్పాల్సింది వెల్డా."

"చదివేవాళ్లు చుట్టాల పట్టీ ఇవ్వాలని నియమం లేదండీ. పెడితే మంచిదే. ఓటు వేసేవాళ్లతో మొదలుపెడదాం."

"అందుకే ఈ నత్తనడక," అన్నాడు టిప్టన్.

"నిమిషానికి నూట అరవై మాటలు. నిరుటి కంచెల బిల్లు టేపు తెప్పించి, వాచీ పట్టుకుని లెక్కపెట్టుకోండి. ఒక్క మాట తేడా వచ్చినా ఈ బల్ల వదిలేసి ఇంటికి పోతాను."

టిప్టన్ గొంతు తగ్గించాడు. తగ్గినప్పుడు అది నిజాయితీగానే వినబడింది. "మీ అన్నగారి మీద నాకు కక్ష లేదండీ. మా నాన్న ఇరవై ఏళ్లు గోధుమలు తోలింది ఆయన నడిపిన గిడ్డంగికే. కాటా దగ్గర ఆయన మాటకు తిరుగులేదు, నాకూ తెలుసు. కానీ ఈ రాష్ట్రంలో మూడింట రెండొంతుల మంది ఓటు వేసి రాజ్యాంగంలో రాసుకున్న మాటని, ఎవరూ ఎన్నుకోని ఒక్క జడ్జి కొట్టిపారేస్తే, చేతులు కట్టుకుని చూడమంటారా?"

నీళ్లు ఎంత వేడికి మరుగుతాయో ఓటు వేసి తేల్చలేమని వెల్డా తన తరగతిలో ప్రతి ఏడూ చెప్పేది. పెళ్లి నీళ్లలాంటిది కాదనీ ఆమెకు తెలుసు. నల్లకోటు వేసుకున్నంత మాత్రాన ఒక మనిషి మాట సత్యమైపోతుందని కూడా ఆమె ఎన్నడూ నమ్మలేదు.

"ప్రశ్న బాగుంది. జవాబు చెప్పాల్సింది నేను కాదు," అంది. "నాకు ఇంకా ముప్పై నాలుగు పుటలు ఉన్నాయి. మైకు మీద చెయ్యి తీయండి."

టిప్టన్ తీయలేదు. స్పీకర్ వైపు తిరిగాడు. "అధ్యక్షా, చదివేవారు అలిసిపోతే సభ్యుల్లో ఒకరు అందుకోవచ్చు. నియమమే."

"నేను అలిసిపోలేదు," అంది వెల్డా.

"నేను అలిసిపోయాను," అన్నాడు స్పీకర్. "డెల్బర్ట్ రైస్లీని పిలవండి."

పేరు వినగానే సభలో కదలిక పుట్టింది. రైస్లీ సభ్యుడు కావడానికి ముందూ, అయ్యాక కూడా, పశువుల సంతలో గుక్క తిప్పుకోకుండా వేలం వేసేవాడు. భోజనాల దగ్గర్నుంచి పరుగున వచ్చాడు. నోట్లో రొట్టె ముక్క, చేతిలో రుమాలు. వెల్డా పక్కనున్న ఎత్తుపీటకు జరిగి రెండో ప్రతి తెరిచింది. వేరెవరు చదివినా ఆమె కళ్లతో అనుసరించి, చివర 'మొదటి నుంచి తుది వరకు చదవడమైనది' అని సంతకం చేయాలి. ఆ సంతకం లేనిదే ఓటు లేదు.

పదకొండూ యాభై రెండుకు రైస్లీ ఊపిరి పీల్చాడు. మరుక్షణం వివాహ చట్టం సంతలో ఆవులా పరుగెత్తింది.

"ఆ మచ్చలది నాకు రాసెయ్ డెల్బర్ట్," అని ఎవరో అరిచారు.

"సాక్షులతో సహానా, విడిగానా?" అన్నారింకెవరో. బల్లలు దద్దరిల్లాయి. స్పీకర్ సుత్తి కొట్టాడు గానీ, అతని మీసం కిందా నవ్వు దాగలేదు.

వెల్డా నవ్వలేదు. వాచీ చూసింది. పుటకు ఒక నిమిషం ఆరు సెకన్లు. పన్నెండున్నర కాకముందే ఐపోతుంది. ఒంటిగంటలోపు చట్టం. లెక్క ఇప్పుడు ఎన్నిసార్లు వేసినా మారేది కాదు. తొమ్మిది నిమిషాలు తన చేతిలో ఉండగా వాటిని వదులుకుంది. అది తప్పా అని తనను తాను అడిగింది. తప్పు కాదనే తోచింది.

నలభై ఒకటో పుట ముగిసింది. రైస్లీ బొటనవేలితో కాగితం తిప్పాడు.

వెల్డా వేలు తన ప్రతిలో నలభై రెండో పుట మొదటి పంక్తి మీద ఉంది. చెవిలో పడుతున్న మాటలు అక్కడ లేవు. ఆమె పుట తిప్పింది. మాటలు నలభై మూడో పుటలో ఉన్నాయి.

అతని చేతిలోని దస్తా వైపు చూసింది. నలభై ఒకటి, నలభై రెండు అంచులు కలిసి ఒకే అట్టలా నిలబడి ఉన్నాయి. మూల మీద పంచదార పాకం మరక మెరుస్తోంది.

ఇప్పుడు చెబితే అతను ఒక్క పుట వెనక్కి వెళ్తాడు. నిమిషం పోతుంది, అంతే. చెప్పకపోతే, చివరిదాకా చదివాక సంతకం దగ్గర ఇది బయటపడుతుంది. అప్పుడు మొత్తం మళ్లీ మొదటి నుంచి. వెల్డా మూడు సెకన్లు కదలకుండా కూర్చుంది. తన జీవితంలో అంత పొడుగైన మూడు సెకన్లను ఏ వాచీతోనూ కొలిచి ఎరగదు. తన తోటి ఉద్యోగి ఎవరైనా ఇలా పుట దాటేస్తే ఏం చేసేది? చొక్కా చెయ్యి తట్టేది. ఎన్నిసార్లో తట్టింది.

చెయ్యి చాచి రైస్లీ మోచేతిని తట్టింది.

రైస్లీ ఉలిక్కిపడి ఆగాడు. "అధ్యక్షా, ఈవిడ నన్ను తడుతోంది."

టిప్టన్ ఒక్క ఉదుటున లేచాడు. "చూశారా? నేను చెప్పింది ఇదే. వేగం తగ్గించలేక ఇప్పుడు చేతులతో ఆపుతోంది."

"అధ్యక్షా, ఒక్క—" అనబోయింది వెల్డా.

సుత్తి దెబ్బ పడింది. "చదివేవారిని మధ్యలో ఆపకూడదు వెల్డా. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చో. చివరిదాకా ఒక్క మాట వినబడకూడదు."

ఇరవై రెండేళ్లలో హార్లన్ ఓస్ట్రాండర్ ఆమెతో ఆ గొంతుతో మాట్లాడలేదు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. అంతకుముందే, పెన్సిలుతో తన ప్రతి అంచున '42' అని రాసి, పక్కన సమయం వేసింది. పన్నెండూ నాలుగు.

మిగిలిన పుటలన్నీ ఆమె చెవులకు వడగళ్లలా తాకాయి. పన్నెండూ ఇరవై ఎనిమిదికి రైస్లీ చివరి మాట పలికి, దస్తాను బల్ల మీద చరిచి, "అమ్ముడైపోయింది," అన్నాడు. చప్పట్లు మోగాయి. టిప్టన్ కలం తీసి తానే ఆమెకు అందించాడు.

వెల్డా అందుకుని, బల్ల మీద పెట్టేసింది.

"సంతకం చేయలేనండీ."

టిప్టన్ కలాన్ని మళ్లీ ఆమె ముందుకు నెట్టాడు.

"నలభై రెండో పుట చదవలేదు," అంది ఆమె, మైకు అక్కరలేని గొంతుతో.

"అబద్ధం," అన్నాడు రైస్లీ. "ఒక్కటీ వదల్లేదు."

స్పీకర్ దస్తా తీసుకున్నాడు. లెక్కబెడుతూ వచ్చి నలభై ఒకటి దగ్గర ఆగాడు. వేలి గోరుతో మూల గీరాడు. రెండు కాగితాలు చిన్న చప్పుడుతో విడిపోయాయి. ఆయన తన వేలు వాసన చూసుకున్నాడు.

"డెల్బర్ట్, తిన్నాక చేతులు కడుక్కునే అలవాటు మీ ఇంట్లో లేదా?"

ఎవరూ నవ్వలేదు. టిప్టన్ ముఖం ఎర్రబడింది. "అప్పుడే చెప్పొచ్చుగా? కావాలనే చివరిదాకా ఆగింది, అధ్యక్షా."

"చెప్పబోయాను," అంది వెల్డా. "తట్టాను కూడా. చేతులు ఒళ్లో పెట్టుకోమన్నారు."

ఆ మాట ఎవరిని ఉద్దేశించిందో అందరికీ తెలుసు. స్పీకర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అవసరమైన దానికంటే ఎక్కువసేపు తుడిచాడు.

"ఆ ఒక్క పుట ఇప్పుడు చదివేస్తే పోతుంది," అన్నాడు టిప్టన్. "అర నిమిషం పని."

వెనక వరుసలో కుర్చీ కిర్రుమంది. ఎల్డన్ ఫౌట్స్ లేచాడు. "మొదటి నుంచి చివరిదాకా వరసగా అని ఉందయ్యా రాజ్యాంగంలో. అరవై నాలుగు తరవాత నలభై రెండు వస్తే అది ఏ వరసో నాకు చెప్పు. పది రోజులుగా ఆ రాజ్యాంగాన్ని కాపాడాలని నువ్వే కదా గొంతు చించుకుంటున్నావ్. ఇదిగో, కాపాడు."

"మీరు ఎవరి వైపు, పెద్దాయనా?"

"వినే వైపు."

స్పీకర్ నియమావళి తెప్పించి, అందులో, వెనకటి సాగునీటి కాలువల బిల్లుకు ఇలాంటి చిక్కే వచ్చినప్పుడు ఇచ్చిన తీర్పును రెండుసార్లు చదివాడు. ఆయనకు ఈ బిల్లంటే ఇష్టమన్నది రహస్యం కాదు. పన్నెండు నిమిషాలు గడిచాయి. చివరకు పుస్తకం మూసి, "మొదటి పుట నుంచి," అన్నాడు. "రైస్లీ గారు కాదు. వెల్డా చదువుతుంది."

పన్నెండూ నలభై. వెల్డా మైకు ముందుకు వచ్చింది. మొదటి పుట తీసి, మనసులోనే లెక్క వేసింది. నూట నలభై నాలుగు నిమిషాలు. మూడు గంటల నాలుగు. ఒంటిగంట పది వచ్చి, పోయి, దాని మీద మరో రెండు గంటలు గడిచాక గానీ ఆ గవర్నరు కలానికి పని లేదు. ఆమె పదేళ్ల పిల్లలా గట్టిగా ఊపిరి పీల్చుకుంది. తాను ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క తప్పు దాచలేదు. అయినా అన్నయ్యకు సమయం దొరికింది. దీనికి కారణం దైవమంటే ఆమె ఒప్పుకునేది కాదు. పంచదార పాకమంటే కాదనలేకపోయేది.

మొదలుపెట్టే సమయం సరిగ్గా చూసుకుందామని సందర్శకుల గ్యాలరీ మీది గడియారం వైపు తలెత్తింది.

గడియారం కింద, మొదటి వరుసలో, అర్లిస్ కూర్చుని ఉన్నాడు. అంత్యక్రియలకు తప్ప బయటికి తీయని నల్ల సూటు వేసుకున్నాడు. పక్కన డ్వెయిన్. ఇద్దరి టోపీలూ మోకాళ్ల మీద ఉన్నాయి.

కాల్వర్ట్ కౌంటీ కచేరీ అక్కడికి తొంభై మైళ్లు. గంటన్నర ప్రయాణం. ఇద్దరూ స్వయంగా నిలబడి సంతకాలు పెడితే తప్ప ఆ కౌంటరు మీదుగా లైసెన్సు రాదు. ఈ ఉదయమంతా, ప్రతి పుట మీదా, ఆమె ఊహలో వాళ్లు ఆ కౌంటరు ముందే ఉన్నారు.

ఇప్పుడు లేచి బయల్దేరినా రెండుంపావుకల్లా చేరతారు. వెల్డా కళ్లతో తలుపు చూపించింది. మరోసారి చూపించింది. అర్లిస్ మెల్లగా తల అడ్డంగా ఊపాడు. ఎదురొచ్చే ట్రక్కును పలకరించడానికి స్టీరింగు మీదినుంచి ఎత్తినట్టు, డ్వెయిన్ టోపీ అంచు మీదినుంచి రెండు వేళ్లు ఎత్తాడు.

"మొదలుపెట్టు వెల్డా," అన్నాడు స్పీకర్.

"పుట ఒకటి," అంది ఆమె. తన గొంతు తనకే ఎక్కడో దూరంగా వినిపించింది.

పైన అర్లిస్ లేచి నిలబడ్డాడు. తలుపు వైపు తిరగలేదు. గ్యాలరీ కటకటాల దాకా వచ్చి, రెండు చేతులతో పట్టుకుని, సభ వైపు వంగి నోరు తెరిచాడు.

(సశేషం)